వెన్నుపాములో పరాన్నజీవి: ఎప్పుడు అనుమానించాలి, ఏ పరీక్ష ముందు, ఏ మందు ముందు?

జనరల్‌వార్డు
నడుము నొప్పి రెండు కాళ్లలోకీ దిగుతుంది. వారం పది రోజుల్లో కాళ్లలో పట్టు పోతుంది, ఆ వెంటే మూత్రం బిగిసిపోతుంది. ఎమ్మారైలో వెన్నుపాము చివరి భాగం, అంటే కోనస్, ఉబ్బి తెల్లగా కనిపిస్తుంది. రిపోర్టు చివర "మైలైటిస్ (వెన్నుపాము వాపు) కావచ్చు, కణితి కాదని తేల్చుకోవాలి" అని ఉంటుంది. ఇలాంటి కేసులో టీబీ, న్యూరోమైలైటిస్ (శరీర రక్షణ వ్యవస్థే వెన్నుపాము మీద దాడి చేసే జబ్బు), బీ12 లోపం వరకు అందరం వెళ్తాం. పరాన్నజీవి మాత్రం జాబితాలో చిట్టచివర ఉంటుంది, చాలాసార్లు అసలు ఉండదు.

మూడు ప్రశ్నలు. ఏ గుర్తులు కనిపిస్తే అటు ఆలోచించాలి? స్టెరాయిడ్ మొదలుపెట్టే ముందు తప్పనిసరిగా తీసుకోవలసిన శాంపిళ్లు ఏవి? పురుగు మందు వెంటనే ఇవ్వాలా, ఆగాలా? పుస్తకంలోని జాబితా కాకుండా, వార్డులో పనిచేసే వరస చెప్పండి.

న్యూరోడెస్క్
మొదటి ప్రశ్నకు జవాబు ఎమ్మారైలో కంటే రోగి చెప్పే సంగతుల్లో ఎక్కువ దొరుకుతుంది. అడగాల్సినవి ఇవి.

చెరువులో, సరస్సులో, కాలువలో దిగారా? ఎప్పుడు, ఏ ప్రాంతంలో? ఆఫ్రికాలో సహారాకు దక్షిణాన ఉన్న దేశాలు, విక్టోరియా, మలావీ సరస్సులు, నైలు పరీవాహకం, బ్రెజిల్‌లో కొన్ని ప్రాంతాలు అయితే షిస్టోసోమా, అంటే రక్తనాళాల్లో బతికే పురుగు. ఒక్కసారి ఈత కొట్టినా చాలు. నిజానికి ఆ ప్రాంతంలో పుట్టి పెరిగినవాళ్ల కంటే కొత్తగా వెళ్లి నీళ్లలో దిగినవాళ్లకే వెన్నుపాము జబ్బు ఉధృతంగా రావచ్చు, వాళ్ల శరీరం ఆ పురుగు గుడ్డుకు తీవ్రంగా స్పందిస్తుంది కాబట్టి.

పచ్చి మంచినీటి చేప, సగం ఉడికిన కప్ప, పాము మాంసం తిన్నారా? అయితే గ్నాథోస్టోమా, అంటే కణజాలంలో పాకే పురుగు. పచ్చి పశువుల కాలేయం తిన్నారా, కుక్కపిల్లల మట్టిలో పని చేశారా? అయితే టాక్సోకారా, అంటే కుక్కల పేగు పురుగు. గొర్రెలు, వాటిని కాసే కుక్కల మధ్య బతికారా? అయితే హైడాటిడ్, అంటే కుక్కల బద్దెపురుగు పిల్లదశ కట్టే నీటి తిత్తి. మూర్ఛ వచ్చిందా, చర్మం కింద గోళీల్లాంటి గడ్డలున్నాయా, ఇంట్లో ఎవరికైనా బద్దెపురుగు ముక్కలు పడ్డాయా? అయితే సిస్టిసర్కస్, అంటే పంది బద్దెపురుగు పిల్లదశ తిత్తి.

ఒక పొరపాటు చాలామంది చేస్తారు. "ఈయన పంది మాంసం ముట్టరు, సిస్టిసర్కస్ ఎలా వస్తుంది" అని కొట్టేస్తారు. పంది మాంసం సరిగా ఉడక్కపోతే వచ్చేది పేగులో బద్దెపురుగు. వెన్నుపాములో, మెదడులో తిత్తి వచ్చేది ఆ పురుగు గుడ్లు నోట్లోకి పోతే. ఆ గుడ్లు పురుగున్న మనిషి మలం నుంచి, చేతుల ద్వారా వస్తాయి. శాకాహారికీ వస్తుంది.

స్లైడ్‌గది
రెండో ప్రశ్న నాది. స్టెరాయిడ్ మొదటి డోసు వెళ్లకముందే రక్తంలో ఈసినోఫిల్ (ఒక రకం తెల్లకణం) లెక్క తీయించండి. శాతం కాదు, అసలు సంఖ్య. మైక్రోలీటరుకు 500 దాటితే ఎక్కువ. స్టెరాయిడ్ పడిన కొన్ని గంటల్లోనే ఆ కణాలు రక్తంలోంచి దాదాపు మాయమవుతాయి. మర్నాడు పొద్దున తీసి "ఈసినోఫిల్స్ సున్నా, పరాన్నజీవి కాదు" అని రాయడం అన్నిటికంటే సులువుగా జరిగే తప్పు. ఇక ఇంకో సంగతి: రక్తంలో ఈసినోఫిల్స్ మామూలుగా ఉన్నంత మాత్రాన షిస్టోసోమాను గానీ సిస్టిసర్కస్‌ను గానీ వదిలేయకూడదు.

వెన్ను నీరు పెద్దవాళ్లలో 10 నుంచి 15 మి.లీ. తీయండి. 2 మి.లీ. తీసి ల్యాబుకు పంపితే దానితో ప్రొటీన్, గ్లూకోజ్, కణాల లెక్క మాత్రమే అవుతుంది. యాంటీబాడీ, యాంటిజెన్ పరీక్షలకు, టీబీ పరీక్షలకు ఏమీ మిగలదు. గంటలోపు ల్యాబుకు చేరాలి. ఆలస్యమైతే కణాలు పగిలిపోతాయి.

చీటీ మీద "ఈసినోఫిల్స్ చూడండి" అని ప్రత్యేకంగా రాయండి. కణాలు లెక్కపెట్టే గాజు పలక మీద రంగు లేకుండా చూస్తే ఈసినోఫిల్, న్యూట్రోఫిల్ ఒకలాగే ఉంటాయి. కొన్ని యంత్రాలు కూడా పొరబడతాయి. అప్పుడు రిపోర్టు "న్యూట్రోఫిల్స్ ఎక్కువ" అని వస్తుంది, మీరు బ్యాక్టీరియా మెనింజైటిస్ వైపు వెళ్లిపోతారు. నీటిని సైటోస్పిన్‌లో తిప్పి, గీంసా గానీ రైట్ గానీ రంగు వేస్తే తేడా ఎవరికైనా కనిపిస్తుంది: కళ్లజోడులా రెండు తమ్మెల కేంద్రకం, దాని చుట్టూ ఇటుక రంగు గింజలు నిండుగా. మైక్రోలీటరుకు 10 ఈసినోఫిల్స్, లేదా తెల్లకణాల్లో 10 శాతం, ఈ రెండిట్లో ఏది దాటినా దాన్ని ఈసినోఫిలిక్ మెనింజైటిస్ అంటాం. లింఫోమా (తెల్లకణాల క్యాన్సర్), షంటు (మెదడు నీటిని మళ్లించే గొట్టం), కొన్ని మందులు, కాక్సిడియాయిడిస్ అనే బూజు కూడా ఇలా చేయగలవు కాబట్టి అది కనబడగానే పురుగు అని తీర్పు ఇవ్వకూడదు.

వెన్ను నీటిలో షిస్టోసోమా గుడ్ల కోసం వెతకడం వృథా. గుడ్లు కణజాలంలో కూరుకుని ఉంటాయి, నీటిలోకి రావు.

ఫిల్మ్‌బాక్స్
నడుము వంచి నీరు తీసేముందు ఎమ్మారై అయిపోవాలి. మెదడు కూడా అందులో ఉండాలి. వెన్నులో దారి పూర్తిగా మూసుకుపోయి ఉంటే, లేదా మెదడులో నీరు నిండి ఒత్తిడి ఉంటే, సూది పెట్టాక బలహీనత ఒక్కసారిగా పెరగవచ్చు. హైడాటిడ్ అనుమానం ఉంటే సూది దారిలో తిత్తి ఉందేమో చూసుకోకుండా పెట్టకూడదు.

రాసేటప్పుడు "నడుము ఎమ్మారై" అని మాత్రమే రాయకండి. మొత్తం వెన్ను, గాడోలినియం (కాంట్రాస్టు మందు) ముందూ తర్వాతా, 3 మి.మీ. ముక్కలు, అనుమానం ఉన్నచోట అడ్డకోతలు. సిస్టిసర్కస్ ఆలోచన ఉంటే సిస్ లేదా ఫియెస్టా సీక్వెన్సు అడగండి. మామూలు టీ2 సీక్వెన్సులో తిత్తిలోని నీరూ, చుట్టూ ఉన్న వెన్ను నీరూ ఒకే తెలుపు. తిత్తి గోడ కనిపించదు, రిపోర్టు "నార్మల్" అని వస్తుంది. సిస్‌లో ఆ గోడ సన్నని దారంలా తేలుతుంది, అదృష్టముంటే లోపల చుక్కలాంటి తల కూడా కనిపిస్తుంది.

ఏది ఎలా కనిపిస్తుందో:

షిస్టోసోమా. టీ11 నుంచి ఎల్1 వెన్నుపూసల మధ్య, కోనస్ ఉబ్బు. కాంట్రాస్టు ఇచ్చాక ఒకే ముద్దలా వెలగదు, చిన్న చిన్న గింజలు గుంపుగా చల్లినట్టు వెలుగుతుంది. కాడా ఈక్వినా (వెన్నుపాము కింద గుత్తిగా దిగే నరాలు) వేళ్లు లావెక్కి అవీ వెలుగుతాయి. ఎపెండైమోమా (వెన్నుపాము కణితి) అని రిపోర్టు రాసేది ఎక్కువగా ఇక్కడే.

టాక్సోకారా. టీ2లో రెండు మూడు వెన్నుపూసల పొడవున తెలుపు, కానీ కాంట్రాస్టు పట్టేది మాత్రం అందులో చిన్న గింజంత చోట, ఎక్కువగా వెనక లేదా పక్క అంచున. కొన్ని వారాల తర్వాత తీస్తే ఆ వెలుగు ఇంకో చోటికి మారి ఉండవచ్చు. మారితే చాలా బలమైన ఆధారం.

గ్నాథోస్టోమా. పొడవాటి వాపు, దాని మధ్యలో రక్తం చిమ్మిన చారలు. పురుగు నడిచిన దారి అది. గ్రేడియంట్ ఎకో సీక్వెన్సు లేకపోతే ఆ చారలు తప్పిపోతాయి.

హైడాటిడ్. వెన్నుపూసలో, దాని పక్కన, ద్రాక్షగుత్తిలా నీటి తిత్తులు. సన్నని గోడ, దాదాపు కాంట్రాస్టు పట్టదు. మధ్య డిస్కు చాలావరకు చెడదు.

సిస్టిసర్కస్. వెన్నుపాము లోపల ఉంటే ఎక్కువగా ఛాతీ భాగంలో, గోడ వెలిగే గుండ్రని తిత్తి. కానీ ఎక్కువ కేసుల్లో తిత్తి పాము బయట, వెన్ను నీటిలో ఉంటుంది.

న్యూరోడెస్క్
ఫిల్మ్‌బాక్స్ గారి చివరి వాక్యానికి కొనసాగింపు. మెదడు అడుగు భాగంలో, నీటి జాగాల్లో సిస్టిసర్కస్ ఉన్నవాళ్లకు వెన్ను లక్షణాలు లేకపోయినా వెన్ను ఎమ్మారై తీయండి. అలాంటివాళ్లలో సగానికి పైగా వెన్నులో కూడా తిత్తులు దొరికిన పరిశీలన ఉంది. 2017 నాటి అమెరికా అంటువ్యాధి సంఘాల మార్గదర్శకాల్లోనూ ఆ సూచన ఉంది. మెదడుకు మందు ఇచ్చి వెన్నును చూడకపోతే, చికిత్స మధ్యలో వెన్నులోని తిత్తి వాచి కాళ్లు పడిపోయాక గానీ సంగతి బయటపడదు.

పీజీ2
షిస్టోసోమా గుడ్డు పేగు దగ్గరో మూత్రాశయం దగ్గరో ఉండాలి కదా, కోనస్‌కు ఎలా చేరుతుంది సార్? మలంలో గుడ్లు లేకపోతే కొట్టేయొచ్చా?

స్లైడ్‌గది
కటి భాగంలోని సిరలను వెన్నెముక చుట్టూ ఉన్న సిరల వలతో కలిపే దారి ఉంది. దాన్ని బాట్సన్ జాలం అంటారు. అందులో కవాటాలు ఉండవు. దగ్గినా, ముక్కినా, బరువెత్తినా పొత్తికడుపు ఒత్తిడికి రక్తం వెనక్కి మళ్లుతుంది. ఆ దారిన గుడ్లు గానీ, ఒక్కోసారి పురుగుల జంటే గానీ పైకి వెళ్లి అక్కడే గుడ్లు పెడుతుంది. జబ్బు కోనస్ దగ్గరే ఎక్కువగా ఉండడానికి కారణం ఇదే.

మలంలో గుడ్లు లేవని కొట్టేయకూడదు. వెన్నుపాము జబ్బున్నవాళ్లలో పురుగుల సంఖ్య తక్కువగా ఉండి మలంలో, మూత్రంలో ఏమీ దొరక్కపోవడం మామూలే. కాటో-కాట్జ్ పద్ధతిలో ఒక స్లైడు మీద పడేది 41.7 మి.గ్రా. మలం, అంటే చిటికెడు కూడా కాదు. వేర్వేరు రోజుల్లో మూడు శాంపిళ్లు పంపండి. మూత్రం పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 2 మధ్య పట్టినది, చివరి బొట్ల దాకా. గుడ్లు ఆ వేళల్లో ఎక్కువ పడతాయి.

అన్నిటికంటే ఉపయోగపడేది పురీషనాళపు పొర చిన్న ముక్క. అది ఫార్మలిన్‌లో వేసి పంపకండి. సెలైన్‌లో తడిగా తెచ్చి, రెండు గాజు పలకల మధ్య పెట్టి వేలితో నొక్కి, రంగు వేయకుండా అప్పుడే చూస్తాం. గుడ్డు ఒక పక్క ముల్లుతో ఉంటే మాన్సోని, కొసన ముల్లుతో ఉంటే హేమటోబియం. తాజా ముక్కలో గుడ్డు లోపలి లార్వా ఇంకా బతికే ఉంటే సన్నని వెంట్రుకల కదలిక కనిపిస్తుంది, అంటే పురుగు ఇంకా గుడ్లు పెడుతూనే ఉంది. నల్లగా గట్టిపడిన గుడ్డయితే పాత జబ్బు గుర్తు మాత్రమే.

యాంటీబాడీ పరీక్ష, నీళ్లలో దిగినాక 6 నుంచి 12 వారాలకు గానీ పాజిటివ్ కాకపోవచ్చు. జబ్బు ప్రాంతంలో పుట్టి పెరిగినవాళ్లలో పాజిటివ్ అయితే అది ఎప్పటి జబ్బో చెప్పదు. అదే కొత్తగా వెళ్లి వచ్చినవాళ్లలో పాజిటివ్ చాలా బరువైన ఆధారం.

లామినా
కోనస్‌లో ఉబ్బు, వెలుగు ఉన్నప్పుడు కణితి కాదని ఎలా నమ్మాలి? ముక్క తీసి చూస్తేనే నిర్ధారణ. గుడ్డు కణజాలంలో చూడటమే అసలైన రుజువు కదా.

న్యూరోడెస్క్
రుజువు అదే, కాదనను. కానీ కోనస్‌లో కత్తి పెడితే మూత్రం, మలం, కాళ్లు మూడూ పణంగా పెట్టినట్టే. నీళ్లలో దిగిన చరిత్ర, పదిహేను రోజుల్లో ముదిరిన లక్షణాలు, గింజల్లాంటి వెలుగు, ఎక్కడైనా గుడ్డో యాంటీబాడీనో దొరకడం, మిగతా జబ్బులు కాదని తేలడం: ఇవన్నీ ఉంటే బయాప్సీ లేకుండా చికిత్స చేయవచ్చు. కణితి రెండు వారాల్లో ఇంత ముదరడం అరుదు. స్టెరాయిడ్, ప్రాజిక్వాంటెల్ (షిస్టోసోమాకు పురుగు మందు) పడ్డాక కొన్ని రోజుల్లో కాళ్లు కదలడం మొదలైతే ఆ స్పందన కూడా నిర్ధారణలో భాగమే. లింఫోమా కూడా స్టెరాయిడ్‌కు కరిగిపోతుందన్నది మాత్రం మర్చిపోకండి. అందుకే ఆరు వారాలకు, మూడు నెలలకు ఎమ్మారై తప్పనిసరి. మందులు పడుతున్నా బలహీనత పెరుగుతూ పోతే, లేదా ముద్ద పామును నొక్కేస్తుంటే, అప్పుడు మీ వంతు.

ఇంకో మాట. అక్వాపోరిన్-4, మాగ్ యాంటీబాడీలు (న్యూరోమైలైటిస్ లాంటి జబ్బులకు), బీ12, హెచ్ఐవీ, సిఫిలిస్, టీబీ, హెచ్‌టీఎల్‌వీ-1 వైరస్ పరీక్షలు కూడా అదే రోజు పంపండి. చరిత్ర ఎంత బాగా పొసిగినా సరే.

లామినా
ఒప్పుకుంటాను, కోనస్ విషయంలో. హైడాటిడ్, సిస్టిసర్కస్ విషయంలో మాత్రం శస్త్రచికిత్స మాట ముందే రావాలి, కాబట్టి ఆ రెండిటి గురించి రాస్తాను.

హైడాటిడ్: సూది పెట్టి నీరు లాగి చూద్దాం అనే ఆలోచనే వద్దు. ఎముకలో ఉన్న తిత్తికి కాలేయంలో ఉన్నట్టు బయటి గట్టి పొర ఉండదు, ఎముక సందుల్లో ఎటు దారి దొరికితే అటు చిన్న చిన్న తిత్తులుగా పాకుతుంది. పగిలితే రెండు ప్రమాదాలు. అప్పటికప్పుడు అనఫిలాక్సిస్ (ప్రాణాంతక అలర్జీ), తర్వాత చిందిన ప్రతిచోటా కొత్త తిత్తి. అడ్రినలిన్ సిరంజిలో సిద్ధంగా పెట్టుకుని, మత్తు డాక్టరుకు ముందే చెప్పి మొదలుపెట్టాలి. చుట్టూ హైపర్‌టానిక్ సెలైన్‌లో తడిపిన గుడ్డలు పరవడం అలవాటే. కానీ డ్యూరా (వెన్నుపాము బయటి పొర) తెరిచి ఉన్నప్పుడు గాఢ సెలైన్ నరాల మీద పడితే అదే హాని చేస్తుంది, కాబట్టి పామును కప్పి ఉంచి తర్వాత మామూలు సెలైన్‌తో బాగా కడగాలి. లామినెక్టమీ (పూస వెనక ఎముక తీసేయడం) ఒక్కటి చేసి వదిలేస్తే, పూస శరీరం తినేసి ఉన్నచోట వెన్ను వంగిపోతుంది. ముద్ద తీయడం, స్థిరపరచడం కలిపి ఆలోచించాలి.

బ్రెయిత్‌వెయిట్, లీస్ 1981లో చేసిన అయిదు రకాల విభజన ఇప్పటికీ పనికొస్తుంది: పాము లోపల, డ్యూరా లోపల పాము బయట, డ్యూరా బయట కాలువలో, వెన్నుపూసలో, పూస పక్కన. మొదటి మూడింటిలో తిత్తిని పగలకుండా మొత్తంగా తీసే అవకాశం ఎక్కువ. ఎముకలోకి వెళ్లిన నాలుగు, అయిదు రకాల్లో మళ్లీ రావడం ఎక్కువ, కాబట్టి అల్బెండజోల్ నెలలు, ఒక్కోసారి సంవత్సరాలు.

సిస్టిసర్కస్: నీటిలో తేలే తిత్తి కదులుతుంది. వారం కిందటి ఎమ్మారై చూసి టీ8 దగ్గర కోస్తే, అక్కడ తిత్తి ఉండకపోవచ్చు. రోగిని బల్ల మీదకు తీసుకెళ్లే ముందు రోజైనా మళ్లీ చూడండి, డ్యూరా తెరిచాక అల్ట్రాసౌండ్ పెట్టి నిర్ధారించుకోండి. అరాక్నాయిడ్ (డ్యూరా లోపలి పల్చటి పొర) అతుక్కుపోయి ఉంటే తిత్తిని పీకకూడదు, నరాల వేళ్లు వెంట వస్తాయి. అక్కడ మందుదే పెద్ద పాత్ర.

జనరల్‌వార్డు
మూడో ప్రశ్న ఇంకా మిగిలింది. పురుగు మందు ఎప్పుడు?

న్యూరోడెస్క్
నాకు ఈ విషయంలో గట్టి అభిప్రాయం ఉంది. వెన్నుపామును చంపేది పురుగు కంటే ఎక్కువగా దాని చుట్టూ శరీరం రేపిన వాపు. ఇరుకు గొట్టంలో ఉన్న పాముకు వాచడానికి జాగా లేదు. పురుగు మందు పడగానే పురుగో తిత్తో చస్తూ యాంటిజెన్లు వదులుతుంది, వాపు ఇంకా పెరుగుతుంది. అందుకే ముందు స్టెరాయిడ్, దాని రక్షణ ఉన్నాక పురుగు మందు.

షిస్టోసోమాలో సాధారణంగా వాడే వరస ఇది. మిథైల్‌ప్రెడ్నిసొలోన్ కిలోకు 15 నుంచి 20 మి.గ్రా., రోజుకు 1 గ్రాము మించకుండా, 5 రోజులు సిరలోకి. తర్వాత ప్రెడ్నిసొలోన్ కిలోకు 1 మి.గ్రా. నోటి ద్వారా. తగ్గించడం చాలా నెమ్మదిగా, మొత్తం 3 నుంచి 6 నెలలు. ప్రాజిక్వాంటెల్ స్టెరాయిడ్ మొదలయ్యాక, కిలోకు రోజుకు 40 నుంచి 60 మి.గ్రా., కనీసం నాలుగు గంటల ఎడంతో రెండు మూడు విడతలుగా, పురుగు రకాన్ని బట్టి ఒకటి నుంచి మూడు రోజులు. నీళ్లలో దిగి కొద్ది వారాలే అయితే పురుగులు ఇంకా పిల్లదశలో ఉంటాయి. ప్రాజిక్వాంటెల్ వాటిని చంపలేదు, పైగా ఆ దశలో వాపును ఎగదోయవచ్చు. అప్పుడు స్టెరాయిడ్ మీద నడిపి, 6 నుంచి 12 వారాల తర్వాత ప్రాజిక్వాంటెల్ మళ్లీ ఇవ్వాలి.

ఎక్కువగా తప్పేది ఎక్కడంటే, పది రోజుల్లో కాళ్లు కదిలాయని స్టెరాయిడ్ ఆపేయడం. గుడ్డు చచ్చినా వెంటనే కరిగిపోదు, దాని చుట్టూ గ్రాన్యులోమా (వాపు కణాల ముద్ద) అలాగే ఉంటుంది. ఆపిన కొన్ని వారాల్లో బలహీనత తిరిగి వస్తుంది. ఈసారి ముందున్నంత స్పందన రాకపోవచ్చు.

పీజీ2
డెక్సామెథసోన్ ఇస్తే ప్రాజిక్వాంటెల్ స్థాయి పెరుగుతుందని నోట్సులో రాసుకున్నాను. అప్పుడు డోసు తగ్గించాలా?

మోతాదు
తలకిందులుగా రాసుకున్నారు, దిద్దుకోండి. డెక్సామెథసోన్ ప్రాజిక్వాంటెల్ స్థాయిని తగ్గిస్తుంది. అల్బెండజోల్‌లో పనిచేసే భాగమైన సల్ఫాక్సైడ్ స్థాయిని మాత్రం పెంచుతుంది. సిస్టిసర్కస్‌లో అల్బెండజోల్, డెక్సామెథసోన్ జోడీ కుదిరేందుకు అదీ ఒక కారణం.

మూర్ఛ మందుల్లో ఫెనిటాయిన్, కార్బమజెపిన్, ఫెనోబార్బిటాల్ ఈ రెండిటినీ తగ్గించేస్తాయి. వీలైతే లెవెటిరాసెటమ్‌కు మార్చండి. సిమెటిడిన్ రెండిటినీ పెంచుతుంది.

ఇక అతి ముఖ్యమైనది రిఫాంపిసిన్. ప్రాజిక్వాంటెల్‌తో కలిపి వాడకూడదు, రక్తంలో మందు దాదాపు లేకుండా పోతుంది. తేలని మైలైటిస్‌కు టీబీ మందులు గుడ్డిగా మొదలుపెట్టి, తర్వాత షిస్టోసోమా అని తెలిశాక ప్రాజిక్వాంటెల్ ఇచ్చి "పనిచేయలేదు" అనుకోవడం ఇలాగే జరుగుతుంది. రిఫాంపిసిన్ ఆపినా నాలుగు వారాలు ఆగితే గానీ దాని ప్రభావం పోదు.

అల్బెండజోల్: సిస్టిసర్కస్‌లో కిలోకు రోజుకు 15 మి.గ్రా., రెండు విడతలు, రోజుకు 1200 మి.గ్రా. మించకుండా. హైడాటిడ్‌లో పెద్దవాళ్లకు 400 మి.గ్రా. రెండుపూటలా. టాక్సోకారాలో 400 మి.గ్రా. రెండుపూటలా 2 నుంచి 4 వారాలు. కొవ్వున్న భోజనంతో ఇవ్వాలి. ఖాళీ కడుపుతో వేసుకుంటే చాలా తక్కువ ఎక్కుతుంది, కొవ్వుతో వేసుకుంటే అయిదు రెట్ల వరకు పెరుగుతుంది. పేగులోని పురుగుకు ఒక్క మాత్ర వేసుకున్నట్టు పరగడుపున మింగించడం ఇక్కడ చికిత్సను పాడుచేస్తుంది. రక్తకణాలు, కాలేయ పరీక్ష రెండు వారాలకోసారి. తెల్లకణాలు పడిపోయినా, కాలేయ ఎంజైములు బాగా పెరిగినా ఆపి చూడాలి. మహిళల్లో గర్భం లేదని ముందే తేల్చుకోవాలి.

న్యూరోడెస్క్
సిస్టిసర్కస్‌కు ఒక చేర్పు. మందు మొదలుపెట్టేముందు కంటి డాక్టరుతో లోపలి పొర చూపించండి. కంట్లో తిత్తి ఉంటే, అది చస్తూ చేసే వాపుతో చూపు పోతుంది. మెదడులో నీరు నిండి ఒత్తిడి ఉన్నా ముందు దాన్ని సరిచేయాలి. వెన్ను నీటిలో ఉన్న తిత్తులకు పది రోజులు, నెల సరిపోదు. ఎమ్మారైలో మాయమయ్యేదాకా, చాలాసార్లు ఏడాది పైబడి కూడా సాగుతుంది. అంతకాలం స్టెరాయిడ్ తట్టుకోలేనివాళ్లకు మెథోట్రెక్సేట్ జోడిస్తారు.

నిర్ధారణకు రక్తంలో ఈఐటీబీ (యాంటీబాడీ పట్టీల పరీక్ష) మంచి పరీక్ష. తిత్తులు రెండుకు మించి ఉంటే దాదాపు తప్పదు. ఒకే తిత్తి ఉంటే నెగెటివ్ వచ్చినా నమ్మకండి.

స్లైడ్‌గది
ఇంత స్టెరాయిడ్ మాట్లాడుతున్నాం, స్ట్రాంగిలాయిడిస్ మాట రాలేదు. ఈ పురుగు పేగులో ఏళ్ల తరబడి సద్దు లేకుండా ఉంటుంది. స్టెరాయిడ్ పడగానే లెక్కలేకుండా పెరిగి, ఊపిరితిత్తుల్లోకి, రక్తంలోకి పేగు బ్యాక్టీరియాను మోసుకెళ్తుంది. దాన్నే హైపర్‌ఇన్ఫెక్షన్ అంటారు, ప్రాణం తీస్తుంది. వేడి, తేమ ఉన్న ప్రాంతాల్లో మట్టిలో చెప్పులు లేకుండా నడిచిన ప్రతి ఒక్కరికీ యాంటీబాడీ పరీక్ష పంపండి. ఫలితం కోసం స్టెరాయిడ్ ఆపక్కర్లేదు. ఐవర్‌మెక్టిన్ కిలోకు 200 మైక్రోగ్రాములు, 60 కిలోల మనిషికి 12 మి.గ్రా., ఒకటి రెండు రోజులు ఇచ్చేయండి.

కానీ రోగి మధ్య ఆఫ్రికాలో, లోవా లోవా (కంటి పురుగు) ఉన్న అడవి ప్రాంతాల్లో ఉండి వస్తే ఆగండి. ముందు పట్టపగలు తీసిన రక్తం స్లైడు చూడాలి. రక్తంలో ఆ పురుగు పిల్లలు భారీగా ఉన్నప్పుడు ఐవర్‌మెక్టిన్ ఇస్తే మెదడు వాచి కోమాలోకి వెళ్లవచ్చు. షిస్టోసోమా, లోవా, స్ట్రాంగిలాయిడిస్ మూడూ ఒకే మనిషిలో ఉండగల ప్రాంతాలవి.

పీజీ2
దిద్దుకున్నాను, ధన్యవాదాలు. గ్నాథోస్టోమా చికిత్స ఎవరూ చెప్పలేదు. హెచ్ఐవీ ఉన్నవాళ్లలో ఏం మారుతుంది?

న్యూరోడెస్క్
గ్నాథోస్టోమాలో మొదట వచ్చేది భరించలేని నరం నొప్పి, ఒక పక్కగా. ఆ తర్వాత గంటల్లోనో రోజుల్లోనో పక్షవాతం. వెన్ను నీరు పసుపుగా గానీ రక్తంతో గానీ వస్తుంది, ఈసినోఫిల్స్ ఉంటాయి. రక్తంలో 24 కిలోడాల్టన్ల పట్టీ కనిపించే ఇమ్యునోబ్లాట్ నిర్ధారణకు బలం. స్టెరాయిడ్ ఇస్తాం. అల్బెండజోల్ 400 మి.గ్రా. రెండుపూటలా 21 రోజులు చర్మపు జబ్బుకు స్థిరపడిన డోసు. నరాల్లో ఉన్నప్పుడు పురుగు చావు కొత్త హాని చేస్తుందేమోనన్న వాదన ఉంది కాబట్టి స్టెరాయిడ్ లేకుండా మాత్రం ఇవ్వకూడదు.

హెచ్ఐవీ ఉండి సీడీ4 కణాల లెక్క 100 లోపు పడిపోతే టాక్సోప్లాస్మా కూడా వెన్నుపాములో ముద్ద కట్టగలదు, అక్కడా కోనస్ పేరే వినిపిస్తుంది. మెదడు ఎమ్మారైలో కూడా ముద్దలుంటే అనుమానం బలపడుతుంది. పైరిమెథమిన్ మొదటి రోజు 200 మి.గ్రా., తర్వాత బరువు 60 కిలోల లోపైతే రోజుకు 50, పైనైతే 75, సల్ఫాడయజిన్, ల్యూకోవొరిన్ తోడుగా, కనీసం 6 వారాలు. ఫోలిక్ యాసిడ్ ఇచ్చి ల్యూకోవొరిన్ ఇచ్చామనుకోకండి, ఆ రెండూ ఒకటి కాదు. పైరిమెథమిన్ దొరక్కపోతే కోట్రైమాక్సజోల్, ట్రైమెథోప్రిమ్ లెక్కన కిలోకు 5 మి.గ్రా. రెండుపూటలా.

రిహాబ్‌బెడ్
మందుల చర్చలో మూత్రాశయాన్ని వదిలేయకండి. కాళ్లు కదిలాక కూడా చాలామందిలో చివరిదాకా మిగిలేది మూత్రం ఇబ్బందే. "పోస్తున్నాడు కదా" అని వదిలేస్తే, నిండి పొర్లుతున్నది పోతుండవచ్చు. పోసిన వెంటనే అల్ట్రాసౌండ్‌తో మిగిలినది కొలవండి. మిగులుతుంటే శాశ్వతంగా ట్యూబు ఉంచడం కంటే 4 నుంచి 6 గంటలకోసారి శుభ్రంగా ట్యూబు వేసి తీసేయడం మేలు, ప్రతిసారీ 500 మి.లీ. దాటకుండా నీరు తాగే వేళలు సర్దుకుంటూ. అతిగా సాగిన మూత్రాశయ కండరం మళ్లీ బిగుసుకోదు, నరం కోలుకున్నా సరే.

స్పర్శ లేని చోట రెండు గంటలకోసారి పక్కకు ఒత్తిగిలించాలి. స్టెరాయిడ్ మీద ఉన్న చర్మం పుండు పడితే మానదు. కాళ్ల సిరల్లో గడ్డకట్టకుండా నివారణ మొదటి రోజు నుంచే, ఆపరేషన్ రోజు మినహా. చక్కెర రోజూ చూడండి. కాళ్ల బలం మొదటి రోజు ఏషియా స్కేలు (వెన్నుపాము దెబ్బతిన్నప్పుడు బలం, స్పర్శ కొలిచే పట్టిక) మీద కండరం కండరానికీ రాసిపెట్టండి. "కొంచెం మెరుగు" అని రాస్తే రెండు వారాల తర్వాత స్టెరాయిడ్ తగ్గించాలో వద్దో ఎవరూ చెప్పలేరు. నొప్పి తగ్గడం ముందు, కాళ్లు తర్వాత, మూత్రం చివర: తిరిగి వచ్చే వరస సాధారణంగా ఇదే, రోగికి ముందే చెప్పి ఉంచండి.

జనరల్‌వార్డు
వార్డు గోడకు అంటించడానికి ఇలా రాసుకున్నాను, తప్పుంటే దిద్దండి. ఈసినోఫిల్ లెక్క, సీరం రెండు గొట్టాలు తీసి ఫ్రిజ్‌లో. మొత్తం వెన్ను, మెదడు ఎమ్మారై. తర్వాత వెన్ను నీరు 10 మి.లీ. పైన. మల, మూత్ర శాంపిళ్లు. ఆ తర్వాతే మొదటి స్టెరాయిడ్. లోవా ప్రాంతం కాకపోతే ఐవర్‌మెక్టిన్. కన్ను చూపించాక, పురుగు ఏదో తేలాక పురుగు మందు.

న్యూరోడెస్క్
ఒక్కటే మార్పు. ఎమ్మారై రేపు పొద్దున గానీ దొరకదు, కాళ్లు మాత్రం గంటగంటకీ పడిపోతున్నాయి అంటే రక్తం తీసి స్టెరాయిడ్ వేసేయండి. వెన్ను నీరు తర్వాత తీసినా సిస్టిసర్కస్ యాంటిజెన్, యాంటీబాడీలు ఒక్క రోజులో పోవు. పామును నొక్కే ముద్దో చీము గడ్డో ఉందన్న అనుమానముంటే మాత్రం ఎమ్మారై ఆ రాత్రే, ఎక్కడ దొరికితే అక్కడికి పంపి.

పీజీ2
సిస్టిసర్కస్ తేలినవాళ్ల ఇంట్లోవాళ్లను ఏం చేయాలి?

స్లైడ్‌గది
బద్దెపురుగు ఎవరిలో ఉందో వెతకాలి. రోగి మలం, ఇంట్లో అందరి మలం, వంట చేసేవాళ్లది మర్చిపోకుండా. వీలైతే మలంలో యాంటిజెన్ పరీక్ష, మైక్రోస్కోపు కంటే ఎక్కువ పట్టుకుంటుంది. పురుగు దొరికితే నిక్లోసమైడ్ పెద్దవాళ్లకు 2 గ్రాములు ఒకేసారి, నమిలి మింగాలి. ప్రాజిక్వాంటెల్ కూడా పనిచేస్తుంది, కానీ అది రక్తంలోకి ఎక్కుతుంది. వాళ్ల మెదడులోనూ సద్దు లేని తిత్తులుంటే వాటిని రేపవచ్చు. నిక్లోసమైడ్ పేగు దాటదు.

శాంపిలు తెచ్చిన డబ్బా గ్లవ్స్‌తోనే తెరవండి. సోలియం (పంది బద్దెపురుగు) గుడ్డుకూ, పశువుల బద్దెపురుగు గుడ్డుకూ మైక్రోస్కోపులో తేడా ఉండదు, కాబట్టి ప్రతి గుడ్డూ సోలియమే అనుకుని పని చేయాలి. ముక్క దొరికితే దాన్ని రెండు గాజుల మధ్య నొక్కి, గర్భాశయపు కొమ్మలు ఒక పక్కన లెక్కపెట్టండి. ఏడు నుంచి పదమూడు ఉంటే సోలియం.